బ్యాటరీ మోవర్: 20 వోల్టులా, 40 వోల్టులా?

ప్రశ్న: ఇంటి ముందు 120 గజాల లాన్ ఉంది, మెక్సికన్ గడ్డి. ఇప్పుడున్న కరెంటు మోవర్ కింద పడి వైరు తెగుతోంది. బ్యాటరీది కొందామంటే ఒక షాపులో 20 వోల్టులు చాలంటున్నారు, ఇంకోచోట 40కి తక్కువ వద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఇద్దరూ సగమే చెప్పారు. వోల్టులను బ్యాటరీ మీద రాసి ఉండే ఆంపియర్ అవర్లతో (ఏహెచ్) గుణించండి. వచ్చే వాట్ అవర్లను బట్టే ఎంతసేపు కోయగలరో తేలుతుంది. పెట్టె మీద 20 అని వేసేది నిండా ఛార్జి ఎక్కినప్పటి వోల్టేజి, లెక్కకు 18 తీసుకోవాలి. 40 అంటే 36. ఆ లెక్కన 4 ఏహెచ్ బ్యాటరీ 18 వోల్టులదైతే 72 వాట్ అవర్లు, 36దైతే 144. మోటారు 400 వాట్లు లాగుతుందనుకుంటే మొదటిది 11 నిమిషాలు, రెండోది దాదాపు 22 నిమిషాలు ఆడుతుంది.

మీ లాన్ సుమారు 100 చదరపు మీటర్లు. 33 సెంటీమీటర్ల డెక్‌తో (బ్లేడు తిరిగే అడుగు తొడుగు, ఒక వరసలో కోసే వెడల్పు), వరస మీద వరస కాస్త ఎక్కిస్తూ కోస్తే 370 మీటర్లు నడవాలి. మలుపులతో కలిపి మోటారు 10–12 నిమిషాలు తిరుగుతుంది. 72 వాట్ అవర్లతో కోత పూర్తయ్యేలోపే ఛార్జి అయిపోవచ్చు. 144 ఉన్నది తీసుకోండి. రెండు 18 వోల్టుల బ్యాటరీలు కలిపి పెట్టే మోడలైనా ఒకటే, పైగా అదే కంపెనీ డ్రిల్లు ఇంట్లో ఉంటే దానికీ పనికొస్తాయి. ఇంతకంటే వెడల్పు డెక్ మీకు అనవసరం. మెక్సికన్ గడ్డి మెత్తగా దిగబడుతుంది, ఎగుడుదిగుడు చోట వెడల్పు డెక్ గడ్డిని మొదలంటా గీకేస్తుంది.

ఆన్‌లైన్‌లో ధర మరీ తక్కువగా కనిపిస్తే అందులో బ్యాటరీ, ఛార్జర్ ఉన్నాయో లేదో చూడండి. విడి బ్యాటరీ, బ్లేడు మీ ఊళ్లో దొరుకుతాయా, ఎంతకు అనేది కొనేముందే అడగండి.

అసలు ఇబ్బంది వానాకాలంలో. మూడు వారాలు వదిలేసి, ఒక్కసారే కిందికి కోయబోతే మోటారు కరెంటు విపరీతంగా లాగి, బ్యాటరీ వేడెక్కి తనంతట తనే ఆగిపోతుంది. అది బ్యాటరీ చెడిపోవడం కాదు. 9 సెంటీమీటర్లు పెరిగితే ముందు 6కి, మూడు నాలుగు రోజుల తర్వాత 4కి కోయండి. తడి గడ్డి డెక్ లోపల ముద్దకడుతుంది. బ్యాటరీ, సేఫ్టీ కీ తీసేశాకే పక్కకు వాల్చి, చెక్కముక్కతో గీకండి. పైపుతో నీళ్లు కొట్టొద్దు.

కోసిన మర్నాడు గడ్డి కొసలు తెల్లబడి చిరిగినట్టుంటే బ్లేడు మొద్దుబారినట్టే. సానపట్టించాక మధ్య రంధ్రంలోంచి మేకుకు తగిలించి చూడండి. ఏ వైపు కిందికి వాలితే ఆ వైపు ఇంకొంచెం ఆకురాయి పట్టించాలి. లేదంటే యంత్రమంతా అదిరి బేరింగు పోతుంది.

ప్రశ్న: ఎండాకాలంలో కోయడం అవ్వగానే ఛార్జింగ్ పెడితే ఎర్రలైటు వెలిగి, ఛార్జి ఎక్కట్లేదు. ఎందుకు?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: లిథియం బ్యాటరీ బాగా వేడిగా ఉంటే ఛార్జర్ కావాలనే ఆపుతుంది. చాలావాటికి హద్దు 40–45 డిగ్రీలు. నీడలో, ఫ్యాను కింద అరగంట ఉంచి పెట్టండి. ఫ్రిజ్‌లో మాత్రం వద్దు, చెమ్మ పడుతుంది. రేకుల షెడ్డులో, కారు డిక్కీలో వదలకండి. నెలల తరబడి వాడనప్పుడు సగం ఛార్జితో ఇంట్లోనే ఉంచాలి. చల్లారాక కూడా ఎర్రలైటు పోకపోతే టెర్మినళ్లను పొడిగుడ్డతో తుడవండి. అప్పటికీ అంతే అయితే లోపల సెల్ పోయి ఉండొచ్చు. విప్పకుండా వారంటీకి ఇవ్వండి.