సంతాన రొట్టె

"నాకు నమ్మకం లేని ఆచారాన్ని నేనెందుకు గౌరవించాలి?" అని ఒకరు నన్ను అడిగారు. జవాబుగా మా ఇంటి సంగతే చెబుతాను. నేను మొక్కులు నమ్మను, మా అమ్మ నమ్ముతుంది. అక్కకు పెళ్లయి ఏడేళ్లయినా పిల్లలు లేరని, 2019 సెప్టెంబరులో నెల్లూరు రొట్టెల పండుగకు తోడు రమ్మంది.

బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు. అక్కడ కోరిక ఉన్నవాళ్లు రొట్టె తీసుకుంటారు, తీరినవాళ్లు మరో ఏడాది వచ్చి అదే పేరుతో రొట్టె ఇస్తారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, విదేశీ రొట్టె కూడా ఉన్నాయి! మోకాలి లోతు నీళ్లలో అమ్మ "సంతాన రొట్టె, సంతాన రొట్టె" అని అడుగుతూ అరగంట తిరిగింది. చివరికి చంకలో పిల్లాడిని ఎత్తుకున్న ఒక ముస్లిం అమ్మాయి పిలిచింది. అమ్మ తలమీద కొంగు కప్పుకుని దోసిలి పట్టింది. ఆ అమ్మాయి రొట్టె పెట్టి, తడిచేత్తోనే అమ్మ చేయి పట్టుకుని, "వచ్చే ఏడాది మీరు ఇవ్వాలమ్మా" అంది. అమ్మకు కళ్లనీళ్లు ఆగలేదు. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు అడగనే లేదు.

ఇది చెప్పగానే అందరూ "మరి పిల్లలు పుట్టారా?" అంటారు. ఆ ప్రశ్నంటేనే నాకు కోపం. తిరుపతి నుంచి వచ్చినవాళ్లను ఎవరైనా ఇలా లెక్క అడుగుతారా?

ఇంటికి రాగానే మా మామయ్య "మన వెంకన్న చాలలేదా?" అన్నాడు. వెంకన్న భార్యగా కొలిచే బీబీ నాంచారమ్మ తమ ఆడపడుచని, ఉగాది నాడు దేవుని కడప గుడిలో అదే వెంకన్నకు ముస్లింలు మొక్కుకుంటారని చెప్పాను. కొత్త విషయమన్నట్టు చూశాడు. పక్క జిల్లా సంగతి తెలియదు కానీ, ఫోనులో ఎవరో పంపిన ద్వేషం మాత్రం రోజూ పదిమందికి పంచుతాడు. చదువుకున్నవాళ్లలోనే ఈ జబ్బు ఎక్కువ, నేను చూస్తూనే ఉన్నాను.

డాక్టరు రాసిన మందు మానేయమనే నమ్మకానికైతే నేను తప్పకుండా అడ్డుపడతాను. అమ్మ అక్క మందులేవీ ఆపించలేదు. నా చేత దండం కూడా పెట్టించలేదు. చెరువు గట్టున చెప్పులు చూస్తూ నిలబడమంది, నిలబడ్డాను. మామయ్య మాటకు బదులివ్వకుండా, పేపరులో చుట్టి తెచ్చిన సగం రొట్టెను అక్క కంచంలో పెట్టింది.