సిరొంచ తాలూకాలో తోడు నిలబడబోయే అమ్మాయికి

బిడ్డా,

అత్యాచారం జరిగిన ఆడవాళ్ళకు తోడుండే పనికి ఒప్పుకున్నావని తెలిసి ఇది రాస్తున్నా. మహారాష్ట్ర అంచున ఉన్న మన సిరొంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలి ఇంచుమించు 200 కిలోమీటర్లు. అంతదూరం నుంచి ఎవరో వచ్చి చెప్పేదాకా ఆగే వీలుండదు. మొదటి గంటలో చేయాల్సినవి నీకే తెలిసుండాలి.

ముందు కూర్చోబెట్టి నీళ్ళివ్వు. "నువ్వు చెప్పింది నమ్ముతున్నా" అను. దెబ్బలున్నాయా, రక్తం పోతోందా, ఇప్పుడు ఇంటికి పోతే ప్రమాదమా, ఈ మూడే అడుగు. "అప్పుడు అక్కడికెందుకు పోయినవ్" అని వాళ్ళమ్మ అడగబోయినా ఆపు. ఆమె చెప్పేది ముందువెనకలుగా ఉండొచ్చు. ఏడవకపోవచ్చు. అరవలేదని చెప్పొచ్చు. భయానికి ఒళ్ళు కొయ్యబారిపోతే గొంతు పెగలదు. 1972లో, ఇప్పుడు మన జిల్లాలోనే ఉన్న దేశాయిగంజ్ పోలీసు స్టేషన్‌లోనే అత్యాచారం జరిగిందని ఒక ఆదివాసీ అమ్మాయి ఇద్దరు పోలీసుల మీద పెట్టిన కేసును తర్వాత సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒంటిమీద గాయాల్లేవన్నది అందుకు చూపిన కారణాల్లో ఒకటి. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఆ తీర్పును తప్పుపడుతూ బహిరంగ లేఖ రాశారు, ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చారు, 1983లో చట్టం మారింది. ఎదురు తిరగలేదు కాబట్టి ఒప్పుకున్నట్టేనని అనడానికి ఇప్పుడు చట్టంలో వీల్లేదు. ఎవరైనా గాయాల మాట ఎత్తితే ఈ సంగతి చెప్పు.

ఆస్పత్రికి త్వరగా తీసుకుపో. గర్భం రాకుండా వేసే మాత్ర 72 గంటల్లోపు బాగా పనిచేస్తుంది. ఐదో రోజుదాకా ఇవ్వొచ్చు గాని గుణం తగ్గుతుంది. వేసుకున్న రెండు గంటల్లోపు వాంతైతే మళ్ళీ వేయాలి. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందు 72 గంటలు దాటితే ఇక మొదలుపెట్టరు, ఎంత ముందైతే అంత మంచిది. అది 28 రోజులు మానకుండా వాడాలి. చాలామంది మొదటి వారంలోనే కడుపులో తిప్పుతోందని మానేస్తారు, లేదా ఇంట్లో మందుల డబ్బా ఎవరైనా చూస్తారని పారేస్తారు. డబ్బా ఎక్కడ దాచాలో ముందే మాట్లాడుకోండి. స్నానం చేసేసినా పరీక్షకు తీసుకుపో. బట్టలు ఉతకనివ్వకు. ఒక్కోదాన్ని విడిగా శుభ్రమైన కాగితంలో చుట్టు. ప్లాస్టిక్ కవర్లో చెమ్మకు బూజుపట్టి సాక్ష్యం పాడవుతుంది.

ఎఫ్ఐఆర్ తెస్తేనే చూస్తామంటే ఒప్పుకోకు. ప్రభుత్వ ఆస్పత్రైనా ప్రైవేటుదైనా ఉచితంగా వైద్యం చేయాలి. అయితే ఆస్పత్రివాళ్ళు పోలీసులకు కబురు పెట్టడం కూడా చట్టమే. ఈ మాట దారిలోనే ఆమెకు చెప్పు. అక్కడికి పోయాక ఖాకీ బట్టలు చూసి ఉలిక్కిపడకూడదు. పరీక్షలో ఏ భాగానికైనా ఆమె వద్దనొచ్చు, వద్దన్నా వైద్యం ఆగదు. యోనిలో వేళ్ళు పెట్టి చూసే రెండు వేళ్ళ పరీక్షను సుప్రీంకోర్టు 2022లో గట్టిగా నిషేధించింది. పద్దెనిమిది నిండని పిల్లైతే పోక్సో చట్టం ప్రకారం నువ్వు చెప్పకుండా దాచడం నేరం. ఆ సంగతి పిల్ల నోరు విప్పకముందే చెప్పాలి. విన్నాక చెబితే ఇంకో మోసంలా ఉంటుంది.

మన సరిహద్దులో అసలు ప్రమాదం భాషది. ఆమె తెలుగులోనో మాడియాలోనో చెబుతుంది, జబాబు, అంటే వాంగ్మూలం, మరాఠీలో రాస్తారు. మన ఆడవాళ్ళు సిగ్గుకొద్దీ "అల్లరి చేసిండు" అంటారు. దాన్ని ఛేడ్‌ఛాడ్, అంటే ఏడిపించడం, అని తర్జుమా చేస్తే చిన్న సెక్షన్ పడుతుంది. తెలుగు పేపర్లలో "అత్యాచారం" అంటే ఒకటే అర్థం. మరాఠీలో "అత్యాచార్" అని ఊరికే రాస్తే దౌర్జన్యం అనుకోవచ్చు. కాబట్టి ఏం చేశాడో ఆ పనినే, శరీర భాగాల పేర్లతో రాయించాలి. నువ్వు తర్జుమా చేస్తుంటే కుదించకు, మర్యాదగా మార్చకు, ఆమె వదిలేసింది నువ్వు పూరించకు. "గుర్తులేదు" అంటే గుర్తులేదనే చెప్పు. గంట అంచనా అయితే "పొద్దుగూకినంక" అనే రాయించు. లేకపోతే ఏడాది తర్వాత ఎదుటి వకీలు ఆ గంటనే పట్టుకుంటాడు. రాసింది ఆమె భాషలో చదివి వినిపించాకే సంతకం. ఎఫ్ఐఆర్ నకలు ఉచితం. వంతెన దాటి తెలంగాణలోని కాళేశ్వరం వైపు జరిగినా సిరొంచలోనే ఫిర్యాదు తీసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు.

మూడో రోజుకల్లా పెద్దమనుషులు వస్తారు. ఊరి తగాదాలు తీర్చే తంటాముక్తి సమితిలో తేల్చుకుందామంటారు, వాడికే ఇచ్చి పెళ్ళి చేద్దామంటారు. ఇది రాజీకి వీల్లేని నేరమని ఊళ్ళో పోలీసులకు కబురందించే పోలీస్ పాటిల్ ఎదుటే చెప్పు. కేసుకు వకీలు జిల్లా న్యాయ సేవా ప్రాధికారం నుంచి ఉచితం. ఆడవాళ్ళకు ఆదాయం లెక్క చూడరు, ఫోన్ 15100. బాధితులకు డబ్బు సాయం చేసే మనోధైర్య పథకం దరఖాస్తు కూడా అక్కడే. తీర్పుదాకా ఆగక్కర్లేదు. బ్యాంకు ఖాతా ఆమె పేరు మీదే తెరిపించు.

తర్వాత నెలలు పొడుగ్గా ఉంటాయి. నిద్ర పట్టదు, ఒక వాసనకో గొంతుకో వణుకొస్తుంది. జరిగింది మళ్ళీ మళ్ళీ చెప్పించకు. అలా చెప్పిస్తే గాయం మానదు. వణుకొచ్చినప్పుడు కాళ్ళు నేలకానించి, కంటికి కనిపించే ఐదు వస్తువుల పేర్లు చెప్పమను. ఏం వండుకోవాలి, ఏ దారిన పోవాలి అన్న చిన్న నిర్ణయాలు కూడా ఆమెకే వదిలెయ్. చచ్చిపోవాలనుందా అని సూటిగా అడుగు. అడిగితే ఆ ఆలోచన పుట్టదు. మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మరాఠీలోనూ మాట్లాడతారు.

కొందరు కోలుకున్నాక ఆడవాళ్ళ ఉద్యమంలోకి వస్తామంటారు. మనం తొందరపెట్టకూడదు, కేసు నడుస్తుండగా మరీను. ఆమె పేరు, ఫొటో, ఊరు, ఆనవాలు తెలిసే ఏ వివరమైనా బయటపెట్టడం నేరం. నిజం చెప్పాలంటే, మన సంఘాల కరపత్రాల్లో ఈ తప్పు చాలాసార్లు జరుగుతుంది. పిల్లలకు బడి దారి చూపడం, కొత్తగా వచ్చినవాళ్ళ పక్కన కోర్టు బెంచీ మీద కూర్చోవడం, ఇవీ ఉద్యమమే. సభలో మాట్లాడతానంటే ఏం చెబుతుందో, ఏం చెప్పదో ముందు రాసుకోనివ్వు. పొద్దున ఒప్పుకుని సాయంత్రం వద్దంటే పోస్టర్ వేసేసినా ఆపేయాలి. సభ అయిపోయిన రాత్రి ఆమె దగ్గర ఎవరు పడుకుంటారో, సభకు ముందే ఖాయం చేసుకోండి.

నీ పెద్దమ్మ