గ్రీన్ కోర్సా, ఈఈఈనా అని అడిగిన తల్లికి

ప్రశ్న: మేడమ్, మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. మా వారు పదెకరాల్లో రొయ్యల గుంటలు చేస్తారు, సగం సొంతం, సగం లీజు. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ అయింది. ఈఏపీసెట్‌లో నలభై వేల పైన ర్యాంకు. ఇక్కడి కాలేజీలో కన్వీనర్ కోటాలో ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్) వస్తుందంటున్నారు. కంపెనీలన్నీ గ్రీన్ టెక్నాలజీకి మారుతున్నాయి, భవిష్యత్తంతా అదేనని బెంగళూరులో ఉండే మా బావగారి అబ్బాయి చెప్పాడు. ఒక ఏజెంటు వేరే రాష్ట్రంలో ప్రైవేటు యూనివర్సిటీలో రెన్యూవబుల్ ఎనర్జీ, సస్టెయినబిలిటీ బీటెక్ సీటు ఇప్పిస్తానంటున్నాడు. నాలుగేళ్ళకు హాస్టల్‌తో 14 లక్షలు. వారంలో 50 వేలు అడ్వాన్స్ కట్టాలట. పోయిన రెండు పంటలూ కలిసిరాలేదు. అయినా పిల్ల కోసం అప్పు చేద్దామంటున్నారు మా వారు. ఈఈఈ అయితే ఫ్యాక్టరీల్లో, ఎండలో తిరగాలి, ఆడపిల్ల చేయలేదని నా భయం. రాత్రుళ్ళు వాళ్ళ నాన్నతో గట్టు మీదికి వెళ్ళి డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) రీడింగులు రాసేది కూడా తనే. ఈ గుంటల గొడవ తనకు వద్దని మా కోరిక. రెండు కోర్సులూ పోల్చి చెప్పగలరు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో బావగారి అబ్బాయి మాట ఉంది, ఏజెంటు మాట ఉంది, మీ వారి మాట ఉంది. అమ్మాయి ఏమంటోందో మాత్రం ఒక్క ముక్క లేదు. ముందు అది నాకు నచ్చలేదు. కోర్సు పేరు మారినా ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. ఒకప్పుడు బయోటెక్నాలజీ, తర్వాత డేటా సైన్స్, ఇప్పుడు గ్రీన్. అన్నిట్లోనూ అడుగున ఉండే భయం ఒక్కటే. మేం పడ్డ కష్టం పిల్ల పడకూడదు. మీ ఇంట్లో ఆ భయానికి కారణం కూడా కనిపిస్తోంది. రెండు పంటలు పోయిన ఇంట్లో రాత్రి ఏరియేటర్ (గుంట నీళ్ళను చిలికి గాలి కలిపే యంత్రం) ఆగిన శబ్దానికి ఎలా ఉలిక్కిపడి లేస్తారో ఈ తీరంలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు రేటు ఎలా పడిపోయిందో కూడా తెలుసు. మీ భయాన్ని నేను తప్పు పట్టను. ఆ భయంతో 14 లక్షల అప్పు చేయడాన్ని మాత్రం గట్టిగా తప్పు పడతాను.

కంపెనీలు మారుతున్న మాట నిజమే. బెంగళూరు దాకా వెళ్ళకుండా మీ గుంట దగ్గరే చూడండి. రెండు హెచ్‌పీ ఏరియేటర్ గంట తిరిగితే దాదాపు ఒకటిన్నర యూనిట్ కాలుతుంది. నాలుగు ఏరియేటర్లు పది గంటలు తిరిగితే రోజుకు 60 యూనిట్లు, 120 రోజుల పంటకు 7,200 యూనిట్లు. రొయ్యలు, చేపల సాగుకు ప్రభుత్వం గుర్తించిన ఆక్వా జోన్‌లో ఉన్నందువల్ల యూనిట్ రూపాయిన్నరకు వస్తోందే అనుకోండి. కరెంటు పోయి జనరేటర్ వేశారంటే లీటరు డీజిల్‌కు వచ్చేది మూడు యూనిట్లు, అటూ ఇటూగా. అంటే యూనిట్ ముప్పై రూపాయలు. పగలు నీళ్ళలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి ఆ నాచూ, రొయ్యలూ, అడుగున కుళ్ళే మేతా అన్నీ కలిసి ఆక్సిజన్‌ను లాగేస్తాయి. డీవో అన్నిటికన్నా కిందికి పడేది తెల్లవారుజామున. ఏ గంటలో ఎన్ని ఏరియేటర్లు కావాలో మీటర్ చూసి చెప్పేది మీ అమ్మాయి. తన రీడింగు చూసి నాలుగింటినీ రోజుకు రెండేసి గంటలు ఆపగలిగితే పంటకు 1,440 యూనిట్లు మిగులుతాయి. కంపెనీలు నిపుణులకు డబ్బిచ్చి చేయించుకునే ఎనర్జీ ఆడిట్ అంటే మొదట ఈ లెక్కే. ఆ పనిని మీరు 'గుంటల గొడవ' అని రాశారు.

సోలార్ పెడితే సరిపోతుంది కదా అని మీ వారు అడగవచ్చు. గుంటకు కరెంటు ఎక్కువగా కావలసింది రాత్రిపూట, ఎండ ఉండేది పగలు. గ్రిడ్‌కు ఇచ్చి తీసుకునే ఏర్పాటో, బ్యాటరీయో లేకుండా నేరుగా లాభం తక్కువ. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు సంగతి వేరు. అక్కడ ఫ్రీజర్లు, ఐస్ ప్లాంటు, కోల్డ్ స్టోరేజీ కంప్రెసర్లు పగలూ రాత్రీ తిరుగుతాయి కాబట్టి షెడ్డు మీది ప్యానెళ్ళ కరెంటు అక్కడికక్కడే ఖర్చయిపోతుంది. చీమకుర్తి గ్రానైటు ఫ్యాక్టరీల్లో పగటి షిఫ్టుకూ అంతే. ఎక్కడ సోలార్ పనికొస్తుందో, ఎక్కడ మోటారు మార్చడం మేలో తేల్చి చెప్పగలిగిన మనిషికి విలువ ఉంటుంది. మోటార్లూ లోడూ తెలియకుండా ఆ మాట చెప్పలేరు. అవి నేర్పేది ఈఈఈలో.

కంపెనీలు ఎందుకు మారుతున్నాయో కూడా తెలుసుకోండి. ప్రకృతి మీద ప్రేమతో మారేవాళ్ళు ఉంటారు, వాళ్ళకు నమస్కారం. ఎక్కువ మందిని కదిలించేది కరెంటు బిల్లు, కొనేవాడి షరతు, ప్రభుత్వ నిబంధన. అమెరికా, యూరప్ సూపర్ మార్కెట్లు బాధ్యతగా పెంచారని చెప్పే బీఏపీ, ఏఎస్‌సీ సర్టిఫికెట్లు ఉన్న రొయ్యలు అడుగుతున్నాయి కాబట్టి ప్లాంటు వాళ్ళు నీటి లెక్క, వ్యర్థాల లెక్క, మేత ఎక్కడిదన్న లెక్క రాస్తున్నారు. యూరప్ 2026 జనవరి నుంచి ఉక్కు, సిమెంటు, అల్యూమినియం, ఎరువుల్లాంటి దిగుమతుల మీద కార్బన్ పన్ను నిబంధనను పూర్తిగా అమల్లోకి తెచ్చింది. రొయ్యలూ గ్రానైటూ ఆ జాబితాలో లేవు, కానీ లెక్క అడిగే అలవాటు అందరికీ పాకుతోంది. చీమకుర్తి, రామతీర్థం వైపు కోత నీళ్ళను బురద నుంచి వేరుచేసి మళ్ళీ రంపాలకే వాడే ఫ్యాక్టరీలున్నాయి. నేలటూరు థర్మల్ కేంద్రంలో మూడు 800 మెగావాట్ల యూనిట్లు కాల్చే బొగ్గు బూడిద ఇటుకలకూ సిమెంటుకూ పోతోంది. ఈ పనుల్లో ఉన్నవాళ్ళను ఏం చదివారని అడిగి చూడండి. ఎలక్ట్రికల్, మెకానికల్, కెమికల్, మైక్రోబయాలజీ, ఐటీఐ అని చెబుతారు. గ్రీన్ అనేది వాళ్ళ డిగ్రీ పేరులో ఉండదు, వాళ్ళు చేసే పనిలో ఉంటుంది.

ఇక మీ ఏజెంటు చెప్పిన కోర్సు. దాని మీద నాకున్న అనుమానాలు దాచను. బీటెక్ స్థాయిలోనే సోలార్ కొంచెం, గాలిమరలు కొంచెం, బయోగ్యాస్ కొంచెం, పాలసీ కొంచెం, కార్బన్ లెక్కలు కొంచెం నేర్పితే పిల్ల ఏ ఒక్క పనిలోనూ చేయి తిరిగినదై బయటికి రాదు. ఎస్పీడీసీఎల్, ట్రాన్స్‌కో లాంటి ప్రభుత్వ విద్యుత్ సంస్థల్లో ఎలక్ట్రికల్ ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) పోస్టు పడితే ఈఈఈ పిల్లలకు ఏ పేచీ ఉండదు. ఈ కొత్త పేరు డిగ్రీని ఈఈఈతో సమానంగా ఒప్పుకుంటారో లేదో తేల్చుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఆ యూనివర్సిటీలో ఈ కోర్సు నుంచి ఎన్ని బ్యాచ్‌లు బయటికి వచ్చాయో, అందులో ఎంతమంది ఎక్కడ పనిచేస్తున్నారో కాగితం మీద అడగండి. బ్రోషర్‌లో ఫొటోలు కాదు, పేర్లూ కంపెనీలూ అడగండి. సీటుకు ఇంత అని ఏజెంటుకు కమిషన్ ముడుతుంది. వారంలో అడ్వాన్స్ కట్టమని తొందర పెట్టడం అందుకే.

2024 అక్టోబరులో మన రాష్ట్రం క్లీన్ ఎనర్జీ పాలసీ తెచ్చింది. 10 లక్షల కోట్ల పెట్టుబడి, 7.5 లక్షల ఉద్యోగాలు లక్ష్యమని ప్రకటించింది. ఏజెంటు ఈ అంకెలు మీకు చెప్పే ఉంటాడు. అవి లక్ష్యాలు. పైగా సోలార్ పార్కు కట్టేటప్పుడు వందల మందికి పని దొరుకుతుంది. కట్టడం అయిపోయాక దాన్ని చూసుకోవడానికి కొద్దిమంది చాలు. పిల్ల చదువు ముగిసే నాలుగేళ్ళలో విధానాలు ఎన్నిసార్లు మారతాయో ఎవరూ చెప్పలేరు. బొగ్గు ప్లాంట్ల పొగలో గంధకం తగ్గించాలని 2015 డిసెంబరులో నిబంధన పెట్టారు, గడువు రెండేళ్ళు. ఆ గడువు మళ్ళీ మళ్ళీ పొడిగించి, చివరికి 2025 జూలైలో ఎక్కువ ప్లాంట్లకు మినహాయింపే ఇచ్చారు. ఆ గంధకం తగ్గించే యంత్రం ఒక్కదాన్నే నమ్ముకుని చదువు కట్టుకున్న పిల్లవాడి గతేమిటి?

ఈ విషయంలో నేనూ ఒక తప్పు చేశాను. 2018లో కందుకూరు వైపు అబ్బాయి ఒకడు వస్తే, గాలిమరల రంగం బాగుంది, వెళ్ళమని చెప్పాను. మరుసటి ఏడాది రాష్ట్రంలో గాలి, సోలార్ కరెంటు కొనుగోలు ఒప్పందాలను తిరగదోడారు. కంపెనీలు కోర్టుకెళ్ళాయి, బిల్లులు ఆగాయి. ఆ అబ్బాయి పనిచేసే సంస్థ కొత్తవాళ్ళందరినీ ఇంటికి పంపింది. వాళ్ళ నాన్న ఫోన్ చేసి ఏడ్చాడు. అబ్బాయిది మెకానికల్ డిప్లొమా కావడంతో నాలుగు నెలల్లో ఒక ప్రాసెసింగ్ ప్లాంటులో బాయిలర్ల దగ్గర చేరాడు, ఇప్పుడు అక్కడ ఆవిరి వృథా తగ్గించే పని చూస్తున్నాడు. అతన్ని నిలబెట్టింది నా సలహా కాదు, ఆ డిప్లొమా. ఆ తర్వాత ఎవరికీ నేను రంగం పేరు చూసి కోర్సు చెప్పలేదు.

గ్రీన్ అన్న మాట ఉన్నంత మాత్రాన అంతా మంచే అనుకోవద్దని కూడా పిల్లకు చెప్పండి. ఉలవపాడు మండలం కరేడులో సోలార్ ప్యానెళ్ళ ఫ్యాక్టరీకి భూములు ఇచ్చేది లేదని 2025లో రైతులు రోడ్డెక్కారు. రేపు ఈ రంగంలో పనిచేసే పిల్లకు ఆ రైతుల మాట కూడా చెవిన పడాలి.

సస్టెయినబిలిటీ రిపోర్టులు రాసే ఏసీ గది ఉద్యోగాలు లేవా అంటే ఉన్నాయి. షేర్ మార్కెట్‌లో విలువలో మొదటి వెయ్యి కంపెనీలు ఏటా పర్యావరణ, సామాజిక బాధ్యతల నివేదిక ఇవ్వాలని, ఆ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నిబంధన. 2022-23 నుంచి అది తప్పనిసరి. ఆ పనికి కొన్నేళ్ళు ఫ్యాక్టరీ చూసిన ఇంజనీర్లనూ, అకౌంట్స్ తెలిసినవాళ్ళనూ ఎక్కువగా తీసుకుంటారు. అప్పుడే డిగ్రీ పట్టుకొచ్చిన పిల్లకు మీటర్ ఎక్కడుందో తెలియకపోతే రిపోర్టులో ఏం రాస్తుంది? బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ పెట్టే సర్టిఫైడ్ ఎనర్జీ ఆడిటర్ పరీక్షకు కూడా డిగ్రీ తర్వాత పని అనుభవం అడుగుతారు. ఈఈఈ చేసి మూడు నాలుగేళ్ళు పనిచేస్తే ఆ తలుపు తెరుచుకుంటుంది. అప్పటికీ ఇష్టముంటే ఎనర్జీలో ఎంటెక్ చేయవచ్చు. ఈఈఈ నుంచి గ్రీన్ వైపు ఎప్పుడైనా వెళ్ళవచ్చు. అటునుంచి ఇటు రావడం కష్టం. మీరడిగిన పోలికలో నేను చెప్పగలిగింది ఇదే. అమ్మాయిది బైపీసీ అయ్యుంటే ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీ గురించి వేరుగా చెప్పేదాన్ని.

ఇప్పుడు కొంచెం కోపంగా ఒక మాట అంటాను, ఏమీ అనుకోవద్దు. రాత్రి రెండింటికి టార్చి పట్టుకుని, జారే గట్టు మీద నడిచి, నీళ్ళలో మీటర్ ముంచి రీడింగు రాసే పిల్ల మీది. ఆ పిల్ల ఎండలో తిరగలేదని మీరే ఎలా రాశారు? ఇంటి పనికి పనికొచ్చిన ధైర్యం ఉద్యోగానికి వచ్చేసరికి లేకుండా పోతుందా? ఈఈఈ అంటే స్తంభాలెక్కడమే అనుకోవడం పొరపాటు. సబ్‌స్టేషన్ కంట్రోల్ రూముల్లో, డిజైన్ ఆఫీసుల్లో, ప్లాంటు మెయింటెనెన్సులో ఆడపిల్లలు పనిచేస్తున్నారు. ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు, రవాణా, భద్రత గురించి అడగడం తల్లిగా మీ హక్కు. ఆ ప్రశ్నలు ఉద్యోగం వచ్చినప్పుడు ఆ కంపెనీని అడగండి. వాటి పేరు చెప్పి చదువునే ఆపకండి.

అప్పు సంగతి. లీజు గుంటల మీద బతికే ఇంటికి 14 లక్షలంటే ఇంకో రెండు పంటలు దెబ్బతింటే తేరుకోలేని బరువు. ఆ బరువు మీకన్నా ఎక్కువగా పిల్ల మోస్తుంది, మొదటి సెమిస్టర్ నుంచే. ఒక సబ్జెక్టు పోయినా నాన్న గుంట పోయినట్టే అని టెన్షన్ పడుతుంది. ఇక్కడ కన్వీనర్ కోటాలో చేరితే, అర్హత ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంటూ వస్తుంది. మిగిలే డబ్బులో కొద్ది భాగంతో మంచి ల్యాప్‌టాప్, సెలవుల్లో శిక్షణ, ఎక్కడైనా ఇంటర్న్‌షిప్‌కు వెళ్తే ఉండటానికి ఖర్చు, అన్నీ అయిపోతాయి. నలభై వేల ర్యాంకు అని చిన్నబోకండి. ఆ ర్యాంకులతో చేరి బాగా స్థిరపడినవాళ్ళను నేను చాలామందిని చూశాను. మీ పిల్లకు మీటర్ చదవడం వచ్చు, లెక్క రాయడం వచ్చు, నిద్ర ఆపుకోవడం వచ్చు. బీటెక్ మూడో ఏడాదిలో కూడా చాలామందికి ఇవి రావు. మీరు నిశ్చింతగా ఉండవచ్చు.

ఏజెంటు ఫోన్ చేస్తే అడ్వాన్స్ కట్టడం లేదని చెప్పండి. వెబ్ ఆప్షన్లు పెట్టేలోపు ఆ ఈఈఈ కాలేజీకి అమ్మాయిని తీసుకువెళ్ళి ఎలక్ట్రికల్ మెషీన్స్ ల్యాబ్ తెరిపించి చూడండి. మోటార్లు తిరుగుతున్నాయా, దుమ్ము పట్టి ఉన్నాయా అన్నది అమ్మాయే చెబుతుంది, తనకు మోటారు శబ్దం తెలుసు. ల్యాబ్ బాగా లేకపోతే కాలేజీ మార్చండి, బ్రాంచి కాదు. ఈఈఈ తనకు ఇష్టం లేదంటే, ఏది ఇష్టమో చెప్పమనండి. అప్పుడు మళ్ళీ మాట్లాడదాం.

ఈసారి ఉత్తరం మాత్రం అమ్మాయిని రాయమనండి. ఆ రీడింగుల నోట్‌బుక్కులో ఒక పేజీ ఫొటో తీసి జత చేయమనండి. ఏ గంటలో ఏ లెక్కన ఏరియేటర్ ఆపమని వాళ్ళ నాన్నకు చెబుతోందో నాకు తెలుసుకోవాలని ఉంది.