అమెరికాలో డిగ్రీ మధ్యలో యూనివర్సిటీ మారాలంటే

చి. మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. రెండో ఏడాది అయ్యాక వేరే యూనివర్సిటీకి మారాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. మారడంలో తప్పేమీ లేదు. కాకపోతే ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద చదివే పిల్లలకు అడ్మిషన్ ఒక్కటే వస్తే సరిపోదు. దానికి ముందు క్రెడిట్లు (పూర్తిచేసిన కోర్సులకు లెక్కగట్టే పాయింట్లు), తర్వాత సెవిస్ (విదేశీ విద్యార్థుల రికార్డులు ఉంచే అమెరికా ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థ), ఈ రెండు చోట్లే ఎక్కువమంది దెబ్బతింటారు.

నువ్వు చేసిన 60 క్రెడిట్లూ తీసుకుంటామని అడ్మిషన్ ఆఫీసు చెప్పగానే పొంగిపోకు. తీసుకోవడం వేరు, డిగ్రీకి పనికిరావడం వేరు. నీ డేటా స్ట్రక్చర్స్ కోర్సును తమ కోర్సుకు సమానంగా కాకుండా ఉత్త ఎలెక్టివ్‌గా (ఐచ్ఛిక కోర్సుగా) రాసుకున్నారనుకో, క్రెడిట్లు కాగితం మీద ఉంటాయి గానీ ఆ కోర్సు మళ్లీ చదవాల్సిందే. అది అయితేగాని ఆల్గరిదమ్స్ ఇవ్వరు, అది లేకుండా పై కోర్సులకు రానివ్వరు. అలా ఒక్క కోర్సు దగ్గర గొలుసు తెగి ఏడాది పోయే ప్రమాదముంది. అందుకే డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌నే అడిగి, ఏ కోర్సు దేనికి సమానమో, ఇంకా ఎన్ని సెమిస్టర్లు పడుతుందో మెయిల్‌లో రాయించుకో. డిపాజిట్ కట్టేది ఆ తర్వాతే.

వాళ్లు అది తేల్చాలంటే నీ సిలబస్ కావాలి. కేటలాగులోని నాలుగు వాక్యాలు చాలవు. వారంవారీ పాఠాలు, పాఠ్యపుస్తకం, ల్యాబ్ గంటలు ఉన్న పూర్తి కాపీ ఉండాలి. కాలేజీ వదిలాక పోర్టల్ తెరుచుకోకపోవచ్చు, కాబట్టి ఈ వారమే అన్నీ దించి పెట్టుకో. సాధారణంగా సి కంటే తక్కువ గ్రేడు వచ్చిన కోర్సులు బదిలీ కావు. పాత చోట క్వార్టర్ పద్ధతి (సెమిస్టర్ కంటే చిన్న టర్ములు), కొత్త చోట సెమిస్టర్ పద్ధతి అయితే మూడింట రెండు వంతులే లెక్క: 90 క్వార్టర్ క్రెడిట్లు 60 అవుతాయి. ఫిజిక్స్, క్యాలిక్యులస్ లాంటి రెండు భాగాల కోర్సులు సగంలో ఉంటే రెండో భాగమూ అక్కడే ముగించి కదులు. పాఠాల వరస ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, సగం సగం అతకవు. చివరి 30 క్రెడిట్లు తమ దగ్గరే చేయాలనే నిబంధన చాలా చోట్ల ఉంది. మూడో ఏడాది దాటాక మారడం మాత్రం నేను వద్దంటాను.

దరఖాస్తు వ్యాసంలో పాత కాలేజీని తిట్టకు, కొత్తచోట నీకు ఏం దొరుకుతుందో రాయి. మొదటి ఏడాది ఇచ్చిన స్కాలర్‌షిప్ వెంట రాదు. బదిలీ విద్యార్థులకు ఏమిస్తారో ముందే అడుగు. ఫీజు బకాయి ఉంటే ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల పత్రం) ఆపే చోట్లున్నాయి, అదీ చూసుకో.

ఇక సెవిస్. ఇక్కడ తల్లీ, తేదీయే ప్రాణం. అడ్మిషన్ లెటర్ తీసుకుని పాత కాలేజీలోని డీఎస్‌ఓను (విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు చూసే అధికారిని) కలిస్తే నీ రికార్డు కొత్త యూనివర్సిటీకి వెళ్లే తేదీ ఒకటి పెడతారు. సెమిస్టర్ పరీక్షలు, క్యాంపస్ ఉద్యోగం అయిపోయాక ఉండే తేదీ అడుగు. ఆ రోజు దాటితే పాత క్యాంపస్‌లో ఒక్క గంట పని చేసినా అనధికార ఉద్యోగమే. మనసు మారితే రద్దు చేయించుకోవడం కూడా ఆ తేదీ లోపే కుదురుతుంది, తర్వాత పాత డీఎస్‌ఓ చేతుల్లో ఏమీ ఉండదు. కొత్త ఐ-20 (ఎఫ్-1 విద్యార్థికి యూనివర్సిటీ ఇచ్చే అర్హత పత్రం) ఆ తేదీ తర్వాతే వస్తుంది. పాతచోట చదువు ఆపిన నాటి నుంచి 5 నెలల్లోపు కొత్తచోట క్లాసులు మొదలవ్వాలి, కాబట్టి ఊరికే ఒక సెమిస్టర్ ఖాళీగా ఉంటానంటే కుదరదు. ఐ-20లో ఉన్న ప్రారంభ తేదీ నుంచి 15 రోజుల్లోపు కొత్త డీఎస్‌ఓకు రిపోర్ట్ చెయ్యి. పాతచోట ఉన్నన్నాళ్లూ సెమిస్టరుకు 12 క్రెడిట్లకు తగ్గకు.

సెవిస్ ఫీజు మళ్లీ కట్టక్కర్లేదు. వీసా మీద పాత కాలేజీ పేరున్నా గడువు ఉంటే చెల్లుతుంది. వేసవిలో ఇంటికొచ్చి తిరిగి వెళ్లేటప్పుడు రికార్డు అప్పటికే మారి ఉంటే కొత్త ఐ-20 చూపించాలి, పాతది కాదు.

నాన్న తీసుకున్న ఎడ్యుకేషన్ లోను పాత యూనివర్సిటీ పేరు మీద మంజూరైంది. కొత్త అడ్మిషన్ లెటర్, ఫీజు వివరాలు రాగానే బ్రాంచికి పంపి మంజూరు పత్రం మార్పించమని నాన్నకు చెప్పు. ఆ పని తేలకపోతే తర్వాతి వాయిదా విడుదల కాదు. కొత్త ఐ-20కి ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు చూపడానికి కూడా ఆ కాగితమే కావాలి.

మీ మామయ్య