మూడు నెలల కాకటూ పిల్ల గింజలు తప్ప ఏమీ తినడం లేదు, ఒక్క నిమిషం ఒంటరిగా ఉండడం లేదు. ఏం చేయాలి?

మీరు విజయనగరంలో అపార్ట్‌మెంట్‌లో ఉంటారు, మూడు నెలల అంబ్రెల్లా కాకటూ (తెల్లటి పెద్ద చిలుక జాతి) పిల్లను తెచ్చుకున్నారు. పొద్దుతిరుగుడు గింజలు తప్ప ఏదీ ముట్టడం లేదు, వేలు పెడితే కొరుకుతోంది, మీరు గది దాటితే చాలు గోల పెడుతోంది. ఎప్పటికి మాట్లాడుతుందని కూడా అడిగారు. మేము శ్రీకాకుళంలో ఇదే జాతిని కొన్నేళ్లుగా పెంచుతున్నాం కాబట్టి చెబుతున్నాను.

మూడు నెలలంటే అది ఇంకా చంటిపిల్లే. అంబ్రెల్లా పిల్లలు మామూలుగా నాలుగో నెల దగ్గరపడితే గానీ పూర్తిగా సొంతంగా తినవు. కొన్ని ఇంకా ఆలస్యం చేస్తాయి. అమ్మేవాళ్లు మాత్రం "గింజలు ఒలిచేస్తోంది, ఇంకేం భయం లేదు" అని చేతిలో పెట్టేస్తారు. గింజ ఒలవడం వేరు, వాటితో కడుపు నింపుకోవడం వేరు. తల పైకీ కిందకీ ఊపుతూ, ఆగకుండా గీపెడుతూ మీ చేతి వెంట పడుతోందంటే అది అల్లరి కాదు, ఆకలి. ఇంకొన్నాళ్లు పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి పక్షి పిల్లలకు అమ్మే ఫార్ములా పొడి కలిపి పెట్టండి. తనంతట తాను మానేస్తుంది. మనం బలవంతంగా మాన్పిస్తే ఆ బెంగ పెద్దయ్యాక కూడా అరుపుల్లో కనిపిస్తుంది.

ఫార్ములా వేడి థర్మామీటర్‌తోనే చూసుకోవాలి, వేలితో కాదు. 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే మంచిది. 43 దాటితే మెడ కింద మేత నిలిచే సంచి లోపల కాలుతుంది, పైకి వెంటనే తెలియదు కూడా. చల్లారిపోయింది పెడితే అరగక అక్కడే పులుస్తుంది. సిరంజి అలవాటు లేకపోతే అంచులు లోపలికి వంచిన స్టీల్ చెంచా మేలు. ఊపిరి గొట్టంలోకి పోయే ప్రమాదం తక్కువ. మా ఇంట్లో పెద్దవాళ్లు చోడి (రాగి) అంబలి పట్టమన్నారు. ఉప్పూ మజ్జిగా పడిన అంబలి దీనికి పనికిరాదు.

ఒక వస్తువు మాత్రం ఈ వారమే కొనండి, గ్రాముల్లో చూపించే కిచెన్ తూకం. రోజూ పొద్దున మేత పెట్టకముందే తూచి కాగితం మీద రాసుకోండి. సొంతంగా తినడం మొదలుపెట్టే రోజుల్లో బరువు కాస్త తగ్గడం మామూలే. పదో వంతుకు మించి తగ్గితే మాత్రం ఆగకుండా డాక్టర్‌కు చూపించాలి. పక్షులు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి. ఈకల కింద చిక్కిపోయినా మన కంటికి బొద్దుగానే కనిపిస్తాయి.

ఇక గింజల సంగతి. పొద్దుతిరుగుడులో కొవ్వు ఎక్కువ, కాల్షియం, విటమిన్ ఎ తక్కువ. అవే తింటూ పంజరంలో కూర్చున్న పక్షికి లివర్‌లో కొవ్వు పేరుకుంటుంది. అలాగని రేపటి నుంచి గింజలు బంద్ అనకండి, కొత్త తిండిని తిండిగా గుర్తుపట్టక పస్తుంటుంది. పొద్దున బాగా ఆకలి మీద ఉన్నప్పుడు ముందు తడి తిండి పెట్టండి. మొలకెత్తిన పెసలు, ఉడికించిన శనగలు, చిలగడదుంప, గుమ్మడి, క్యారెట్, మునగాకు, కొత్తిమీర. మన వైపు సులువుగా దొరికే చోళ్లు, గంటెలు (సజ్జలు), కొర్రలు మొలకలుగా పెడితే ఇష్టంగా ఏరుకుంటుంది. లేత గంటి కంకి దొరికే రోజుల్లో దాన్ని కంకితోనే వేలాడదీయండి, గంటసేపు పని కల్పించినట్టే. రెండు మూడు గంటల తర్వాత తడి తిండి తీసేయండి, మన ఎండకు పులిసిపోతుంది. మిగతా రోజంతా గిన్నెలో పెల్లెట్లు (పక్షులకు గుళికలుగా అమ్మే మేత) ఉంచండి. వాటికి అలవాటు పడేదాకా కొంచెం పండు రసం చల్లవచ్చు. జామ, బొప్పాయి, దానిమ్మ కొద్దికొద్దిగా చాలు. మీరు దాని ఎదురుగా కూర్చుని అదే క్యారెట్ ముక్క తినడం అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. గుంపుగా బతికే జాతి కదా, పక్కవాడు తింటే తనకూ కావాలంటుంది.

అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు కారం పడినవి ఏవీ వద్దు. ఆపిల్ పెడితే గింజలు తీసేసి పెట్టండి.

పలాస మన పక్కనే కాబట్టి ఇది కూడా చెప్పాలి. జీడిపప్పు దీనికి ప్రాణం. వేయించని, ఉప్పు లేని పప్పును గోరంత ముక్కలు చేసి రోజుకు ఒకటి రెండు బద్దలు మించకుండా వాడుకోవచ్చు. పెంకుతో ఉన్న జీడిపిక్క మాత్రం ఎంత సరదాగా పగలగొడుతుందనిపించినా ఇవ్వకండి. పెంకులోని జీడి మన చేతులనే పొక్కిస్తుంది, దాని నోరు ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఈ జీడిముక్కలూ, గిన్నెలోంచి మీరు మెల్లమెల్లగా తగ్గిస్తూ తీసేసిన ఆ పొద్దుతిరుగుడు గింజలే ఇకపై దాని జీతం. పని చేస్తేనే దొరుకుతాయి. నా లెక్కలో కాకటూకు మేత, శిక్షణ రెండు వేర్వేరు విషయాలు కావు. ఇష్టమైనది గిన్నెనిండా ఉంటే మీ చేతిలోని గింజకు విలువేముంటుంది?

మొదట పొడవాటి పుల్ల ఒకటి చూపించండి. ముక్కుతో తాకగానే "శభాష్" అని ఒకే మాట, వెంటనే గింజ. ఆ మాట ఎప్పుడూ అదే ఉండాలి. ఇంట్లో ఒకరు శభాష్, ఒకరు గుడ్, ఒకరు చిటిక అయితే దానికి అయోమయం. పుల్ల వెంట నడవడం వచ్చాక, పుల్లను మీ చేతికి అవతల పెడితే తనే చేతి మీదకు ఎక్కుతుంది. ఒక్కో విడత ఐదు నిమిషాలు, రోజుకు రెండు సార్లు చాలు. అది బాగా చేస్తుండగానే ఆపేయండి, విసుగెత్తాక కాదు. ఆకలితో మాడ్చి నేర్పమని కొందరు సలహా ఇస్తారు. పిల్ల విషయంలో అది వినకండి.

ఈ వయసులో కొరకడం చాలావరకు ముక్కుతో తడిమి చూడడమే. గట్టిగా నొక్కితే అరవకండి, చేయి విదల్చకండి, ముక్కు మీద కొట్టకండి. మీ అరుపు దానికి భలే తమాషాగా ఉంటుంది. కిందకు దించి, కాసేపు ముఖం తిప్పుకోండి. జుత్తు నిక్కబొడిచి, బుగ్గల ఈకలు ముందుకు తెచ్చి, ఒళ్లు బిగిస్తే ఆ సమయంలో చేయి పెట్టకపోవడమే తెలివి.

అసలు సమస్య అరుపు. అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ దీని మీదే పెట్టండి. కాకటూ పిల్లంత గోముగా ఉండే జీవి ఇంకొకటి ఉండదు. అందుకే కొత్తగా తెచ్చినవాళ్లు రోజంతా భుజం మీద, ఒళ్లో, దుప్పట్లో పెట్టుకుంటారు. వేసవి సెలవులయ్యాక పిల్లలు బడికి, పెద్దలు ఆఫీసుకు. అప్పుడు అది అరుస్తుంది, తర్వాత ఈకలు పీక్కుంటుంది. సరిగ్గా చూసుకుంటే నలభై, యాభై ఏళ్లు బతికే పక్షి ఇది. షికాగో దగ్గర బ్రూక్‌ఫీల్డ్ జూలో కుకీ అనే మేజర్ మిచెల్ కాకటూ (ఇంకో రకం కాకటూ) 83 ఏళ్లు బతికి 2016లో చనిపోయింది. మీరు ఏళ్ల తరబడి ఇవ్వలేనంత సమయాన్ని మొదటి నెలల్లో అలవాటు చేయకండి.

ఇప్పటి నుంచే రోజులో కొంతసేపు మీరు అదే గదిలో ఉండి కూడా దాన్ని పట్టించుకోకుండా మీ పని చేసుకోండి. దానికీ పని ఇవ్వండి. మేతను కాగితం పొట్లాల్లో కట్టి ఇవ్వడం, కొబ్బరి డిప్పలో గింజలు వేసి పీచు కుక్కడం, ముక్కలు చేసుకోవడానికి వేప కొమ్మ. అది తనంతట తాను ఆడుకుంటున్నప్పుడు వెళ్లి గింజ ఇవ్వండి. ఊరికే ఉన్నప్పుడు ఎవరం పట్టించుకోం, అరిస్తే పరుగెత్తుకెళ్తాం, అక్కడే అరుపు నేర్పుతున్నాం. మీరు వంటింట్లో ఉండగా అది పిలిస్తే ఒక చిన్న ఈలతో బదులివ్వండి. అదీ ఈల వేయడం నేర్చుకుంటే ఆ ఈలకే జవాబు, కేకకు కాదు. పొద్దున, సాయంత్రం కాసేపు గోల మాత్రం ఉంటుంది, అది దాని జాతి లక్షణం. కింది ఫ్లాట్ వాళ్లకు ముందే చెప్పుకోండి. తల, మెడ వరకే నిమరండి. వీపు, రెక్కల కింద నిమిరితే పెద్దయ్యాక మిమ్మల్ని జోడీ అనుకుని ఇంట్లో మిగతావాళ్ల మీద పడుతుంది. రాత్రిపూట 10-12 గంటలసేపు నిద్ర కావాలి, టీవీ ఉన్న హాల్లో అది కుదరదు.

బయటకు వదిలేముందు సీలింగ్ ఫ్యాన్ ఆపండి. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ నిమిషాల్లో పక్షిని చంపేస్తుంది, దోమల కాయిల్, సాంబ్రాణి కూడా దాని గదిలో వద్దు. పంజరానికి జింక్ పూత మెష్ వద్దు, కొరికితే విషం. దీని ఒంటి నుంచి తెల్లటి పొడి రాలుతూనే ఉంటుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లు ఉంటే ఇప్పుడే ఆలోచించుకోండి. దీపావళికి, సిరిమాను పండగ సందడికి లోపలి గది సిద్ధం చేసుకోండి.

మాటల మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. ఒకటి రెండు మాటలు వస్తే వస్తాయి, బాగా మాట్లాడే ఆఫ్రికన్ గ్రే చిలుకలా కబుర్లు చెప్పదు. ఎదురింటి కుక్క మొరుగు ముందు నేర్చుకుంటుంది.

కాగితాలు కూడా చూసుకోండి. అంబ్రెల్లా కాకటూ సైటిస్ (వన్యజీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్న విదేశీ జాతి. 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేయాలి, పక్షి చేతికి వచ్చిన 30 రోజుల్లోపు. అమ్మినవారి నుంచి బిల్లు, పక్షి ఎక్కడిదో చెప్పే పత్రం తీసుకోండి. డాక్టర్‌కు చూపించినప్పుడు ముక్కు, ఈకల జబ్బు పీబీఎఫ్‌డీ పరీక్ష అడగండి, కాకటూలకు అది ముఖ్యం. మీకు గరివిడి పశువైద్య కళాశాల దగ్గర. పక్షులను చూసే డాక్టర్ ఉన్నారా అని ముందే ఫోన్ చేసి, లేకపోతే విశాఖ వెళ్లండి. వెళ్లేటప్పుడు బరువులు రాసిన కాగితం, ఆ రోజు రెట్ట ఫొటో వెంట తీసుకెళ్లండి, వాటి గురించే మొదట అడుగుతారు.