బుజ్జీ, ఆ టైర్లు కొనే ముందు ఇది చదువు

బుజ్జమ్మా,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. నువ్వు బండికి టైర్లు మార్పించి, వెనక స్నేహితురాల్ని ఎక్కించుకుని పది రోజులు తిరిగొస్తానంటున్నావని చెప్పి, "దానికి బండి నేర్పింది నువ్వే కదా, ఇప్పుడు నువ్వే చెప్పుకో" అని పెట్టేసింది. అది నా మీద కోపమో నీ మీద బెంగో తెలియలేదు. నాకైతే ముందు గర్వంగా అనిపించింది. సైకిల్ మీద కాళ్లు అందక ఏడ్చిన పిల్ల తన సంపాదనతో వెయ్యి సీసీ బండి కొని అంత దూరం వెళ్తానంటోంది చూడు అని మీ అత్తతో కూడా అన్నాను. ఆ తర్వాత నీ మెసేజ్ చూశాను, 'మామయ్యా, రేసుల్లో వాడే రకం టైర్లు వేయిస్తున్నా, గ్రిప్ అదిరిపోతుందట' అని. ఇంక నిద్ర పడితే ఒట్టు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. మెసేజ్‌లో రాస్తే పై రెండు లైన్లు చదివి బొటనవేలి బొమ్మ పెట్టేస్తావు, నాకు తెలుసు.

తేలిగ్గా తేలిపోయేవి ముందు చెప్పేస్తా. సైజు మార్చకు. నువ్వు పంపిన ఫోటోల్లో ముందు టైరు మీద 120/70 జడ్‌ఆర్ 17 అనీ, వెనకదాని మీద 180/55 జడ్‌ఆర్ 17 అనీ ఉంది, అవే తీసుకో. వెనక 180 బదులు ఇంకా వెడల్పుండే 190 వేస్తే వెనకనుంచి చూడ్డానికి దిట్టంగా ఉంటుందని ఎవరో ఒకరు నీకు చెప్తారు. రిమ్ము మారదు కాబట్టి ఆ వెడల్పు టైరు దాంట్లో ఇరుక్కుని దాని గుండ్రం మారిపోతుంది, బండి తిరిగే తీరూ మారిపోతుంది. సైజు పక్కనే వెనకదానికి 73డబ్ల్యూ అని ఉంటుంది. 73 అంటే ఆ టైరు 365 కిలోలు మోస్తుందని, డబ్ల్యూ అంటే గంటకు 270 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. కొత్తదానికి ఆ రెండూ అంతకన్నా తగ్గకూడదు. ఆ 270 చూసి నీకేవైనా ఆలోచనలు వస్తే రానివ్వకు.

తర్వాత టైరు పుట్టినరోజు. టైరు పక్కన డీఓటీ అని మొదలయ్యే వరసలో చివర 4 అంకెలుంటాయి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని. ఒక పక్కన కనబడకపోతే రెండో పక్కన వెతుకు, సిగ్గుపడకుండా అడిగి తిప్పించి చూడు. రబ్బరు ఏ గోడౌన్‌లోనో ఊరికే పడున్నా గట్టిపడుతుంది, గాడులు మాత్రం కొత్తగానే కనబడతాయి, మోసపోయేది అక్కడే. 5 ఏళ్లు దాటితే ఏటా చూపించుకోవాలి, 10 ఏళ్లయితే ఎంత బాగా కనబడినా తీసెయ్యాలి.

ఇక అసలు సంగతి. మీ అత్త ఎడమ మణికట్టు కాస్త వంకరగా ఉంటుంది, చూశావుగా. చిన్నప్పుడు నువ్వు అడిగితే మెట్ల మీద పడ్డానని చెప్పింది. మెట్లు కాదే. నేను.

అప్పుడు నాకు 32 ఏళ్లు, పెళ్లయి రెండేళ్లు. నీలాగే దూరాలు పోయే బండి, దాని టైర్లు గుండైపోయాయి. దూర ప్రయాణాలకి చేసిన టూరింగ్ టైర్లు వేయించుకోమని దుకాణంలో పెద్దాయన చెప్పాడు కూడా, నేను వింటేగా! నాతో తిరిగే కుర్రాళ్లంతా ట్రాక్ మీద వాడే మెత్తటి రబ్బరు వేయించుకుని మలుపుల్లో మోకాలు నేలకి ఆనేదాకా వంచుతుంటే నేనొక్కడినే ముసలాడిలా టూరింగ్ టైర్లేంటని, అవే కావాలని పట్టుబట్టి వేయించుకున్నాను. ఉన్నమాట చెప్పాలి, ఎండ కాస్తున్న రోజున ఒంటరిగా వెళ్తే ఆ టైర్లు అద్భుతం. రోడ్డుకి జిగురు పెట్టి అతికించినట్టు ఉండేది బండి. మూడు ఆదివారాలు అలా తిరిగి, ఇంతకన్నా మంచి టైరు ఈ ప్రపంచంలో లేదని మీ అత్తకి ఉపన్యాసం ఇచ్చి, ఆమెని ఎక్కించుకుని కొండల వైపు బయల్దేరాను.

రెండో రోజు తెల్లారకముందే లేచాం. చలి, పైగా సన్నటి తుంపర. రెండు గంటలు తిన్నగా పోయే రోడ్డు, ఆ తర్వాతే మలుపులు మొదలవుతాయి. నాకు తెలియనిదల్లా ఇక్కడే ఉంది, బాగా విను. ఆ రేసు రబ్బరు పట్టాలంటే వేడెక్కాలి. ట్రాక్ దగ్గరైతే టైర్లకి కరెంటు దుప్పట్లు చుట్టి ముందే వేడి చేసి వదుల్తారు, తర్వాత ప్రతి మలుపుకీ గట్టి బ్రేకు, గట్టిగా వంచడం, ఆ రాపిడికి వేడి దిగదు. రోడ్డు మీద మనం నడిపే తీరుకి అంత వేడి పుట్టదు, పుట్టిన కాస్తా వాన నీళ్లు ఎప్పటికప్పుడు లాగేస్తాయి. తిన్నగా పోతున్నంతసేపూ టైరు నడుమ ఏదో వెచ్చబడుతుంది కానీ అంచులు చల్లగానే ఉంటాయి. రెండు గంటల తర్వాత బండి వంచితే నువ్వు ఆనేది ఆ చల్లటి అంచు మీద, అది కూడా నీ అరచేయంత కూడా ఉండని చోటు మీద. ఆ టైర్లకి గాడులూ తక్కువే, నీళ్లు పోయే దారి లేదు.

మొదటి మలుపు ఎడమకి. యాభైలో ఉన్నాను. (మీ అత్త భుజం మీంచి ఇది చదివి, "యాభై అని రాశారా? డెబ్భై" అంటోంది. సరే, డెబ్భై.) ముందు చక్రం రోడ్డు అంచున ఉన్న తెల్లగీత మీదకి వెళ్లింది. తడిసిన పెయింటు సబ్బులా ఉంటుందని అప్పటికి నాకు తెలియదనుకోకు, తెలుసు, నా టైర్లకి అదో లెక్కా అనుకున్నాను. హ్యాండిల్ చేతిలో ఒక్కసారిగా తేలికైపోయింది. జారుతున్నామని తెలిసేలోపే నేల మీదున్నాం, బండి పక్కకి పడి గీసుకుంటూ ముందుకు పోయింది. నాకు మోచెయ్యి చెక్కుకుపోయింది అంతే. ఆమె పడుతూ చెయ్యి ఆనించింది, మణికట్టు విరిగింది. నేను పరిగెత్తుకెళ్తే ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చుని, "ముందు బండి ఆపండి, ఇంజిన్ ఇంకా మోగుతోంది" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది.

దాని గురించి ఆమె నన్ను ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. నా వెనక మళ్లీ ఎక్కనూ లేదు. ఎక్కనని ఎప్పుడూ చెప్పలేదు, ప్రతిసారీ ఏదో ఒక పని ఉండేది.

చాలా ఏళ్లు వాననీ తెల్లగీతనీ తిట్టుకుంటూ తిరిగాను. ఆ టైరుదీ తప్పు కాదు, దాన్ని చేసిన పని వేరు, నేను పెట్టిన పని వేరు. నువ్వు ఇప్పుడు టైర్లు చూస్తున్నప్పుడు నీ కళ్ల ముందు ఎండ, ఖాళీ రోడ్డు, హుషారుగా పోతున్న నువ్వు కనబడుతుంటావు. నాకు కనబడేది ఆరో రోజు సాయంత్రం. వాన పడుతుంటుంది, నీకు నడుము లాగేస్తుంటుంది, వెనక ఆ పిల్ల నిద్రమత్తులో నీ వీపు మీదికి ఒరుగుతుంటుంది, రెండు పక్కలా పెట్టెల నిండా బరువు, ఎదురుగా ఎవడో అడ్డంగా తిప్పుతాడు. ఆ నిమిషం కోసం కొను టైరు.

అలాంటివి కావాలంటే స్పోర్ట్ టూరింగ్ అని విడిగా ఒక రకమే ఉంది, నీ బండి పుట్టింది వాటికోసమే. చాలావాటిలో వెనక టైరుకి నడుమ గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తటి రబ్బరు వేస్తారు, తిన్నటి రోడ్ల మీద తొందరగా అరక్కుండా, మలుపులో పట్టు పోకుండా. రబ్బరులో సిలికా కలుపుతారు, అందుకే చలికీ తడికీ బిగుసుకుపోదు, పెద్దగా వేడెక్కకుండానే పనిచేస్తుంది. మిషెలిన్ రోడ్ 6, బ్రిడ్జ్‌స్టోన్ టీ32, మెట్జెలర్ రోడ్‌టెక్ 01, పిరెల్లీ ఏంజెల్ జీటీ 2, డన్‌లప్ రోడ్‌స్మార్ట్ 4, కాంటినెంటల్ రోడ్ అటాక్ 4, ఇవన్నీ ఆ జాతే. వీటిలో ఏది గొప్పదని రాత్రుళ్లు కూర్చుని వాదించుకునేవాళ్లున్నారు, నేనూ కొన్నాళ్లు వాదించాను, మన నడకకి ఆ తేడాలు తెలిస్తే గొప్పే. పుట్టినతేదీ దగ్గర్లో ఉన్నది చూసి తీసుకో. ఒక్కటి మాత్రం చూడు, కొన్నిటికి బరువైన బళ్ల కోసం లోపలి అల్లిక గట్టిగా చేసిన జీటీ రకం విడిగా ఉంటుంది. నీ బండికి ఏది చెప్పారో ఆ టైరు కంపెనీ పట్టికలో ఉంటుంది. పేరు ఒకటే కదా అని ఏది దొరికితే అది ఎక్కించేయకు.

వెనకది ఒక్కటే మారుస్తా, ముందుది ఇంకా ఉందిగా అన్నావట. మామూలుగా వెనకదే ముందు అరుగుతుంది, నిజమే, నీది నడుమ చదునై పలకలా తయారైంది, వంచుతుంటే ఆ అంచు దగ్గర ఆగి ఒక్కసారిగా పడిపోతున్నట్టు ఉంటుంది కదూ? కానీ నీ ముందు టైరు ఫోటో పెద్దది చేసి చూశాను. గాడి అడుగున అడ్డంగా చిన్న దిమ్మెలుంటాయి, రబ్బరు అరిగి వాటి మట్టానికి వస్తే టైరు పని అయిపోయినట్టే. నీది దాదాపు వచ్చేసింది. వెనక చక్రం జారితే సర్దుకోడానికి ఒక్కోసారి వీలుంటుంది, ముందుది జారితే నేను చెప్పానుగా. రెండూ మార్చు, ఒకే కంపెనీ, ఒకే రకం. ఇది నా భయం అనుకున్నా సరే.

బిగించేటప్పుడు దగ్గరే ఉండు. బాణం గుర్తు చక్రం తిరిగే వైపుకే ఉందో లేదో చూడు, వాల్వులు కొత్తవి వేయించు, బ్యాలెన్సింగ్ చేయకుండా బయటకి రాకు. ముందు చక్రం తీసి పెట్టాక బ్రేకు ప్యాడ్లు వెనక్కి పోయి ఉంటాయి, కదిలే ముందు బ్రేకు లివరు గట్టిపడేదాకా నాలుగైదుసార్లు నొక్కు. మొదటి నొక్కుకి అది హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, ఆ సంగతి రోడ్డు మీద తెలియకూడదు.

గాలి సంగతి వేరే చెప్పాలా? చెప్పాలి, నీకు బద్ధకం. టైరు పక్కన రాసుండేది పూర్తి బరువు మోయడానికి పెట్టిన పై హద్దు, నువ్వు కొట్టించాల్సిన లెక్క బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, నీలాంటి బళ్లకి ఎక్కువగా ముందు 36 పీఎస్ఐ, వెనక 42 పీఎస్ఐ ఉంటుంది. పొద్దున్నే, బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. నా దగ్గరున్న మీటరు నీకు పంపిస్తున్నా, పెట్టెలో పడేసి మర్చిపోకు.

కొత్త టైర్లతో మొదటి 150 కిలోమీటర్లు నెమ్మదిగా పో. పైపొర నున్నగా ఉంటుంది, జారుతుంది. ఒక్కదానివే వెళ్లు, తడి లేని రోడ్డు మీద, కొంచెం కొంచెంగా వంపు పెంచుకుంటూ. ఆ పిల్లని ఆ తర్వాతే ఎక్కించుకో. కాబట్టి బయల్దేరే ముందు రోజు సాయంత్రం హడావుడిగా కాకుండా వారం ముందే మార్పించు. రిమ్ముకి ఎక్కించకముందు ఆ 4 అంకెల ఫోటో నాకు పంపు, రెండు టైర్లవీ. రాత్రి ఎన్నింటికైనా చూస్తాను.

వెళ్లొద్దని అనడం లేదు, అక్కకి కూడా అదే చెప్పాను. నేను నీ వయసులో వెళ్లిన చోట్ల సగం నువ్వు చూడనే లేదు.

ఇంకోటి. అత్త ఈ ఉత్తరం మొత్తం చదివి, కాసేపు ఏం మాట్లాడకుండా కూర్చుని, దాని బండికి వెనక సీటు ఎంత ఎత్తుంటుంది అని అడిగింది. నాకు తెలియదన్నాను. నువ్వే ఫోన్ చేసి చెప్పు.

మామయ్య