సుడిగుండమా, సుడా?

సందేహం: సముద్రంలో చాలాకాలం నిలిచే ఎడ్డీల (గుండ్రంగా తిరిగే భారీ నీటిరాశుల) గణిత మోడలింగ్ మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. వాటిని సుడిగుండాలు అనొచ్చా, ఆవర్తనాలు అనాలా? 'స్థిరమైన సుడిగుండాలు పడమరకి కదులుతాయి' అని రాశాను, సరేనా?

సమాధానం: సుడిగుండం మాత్రం వద్దండి. ఆ మాట వినగానే మనిషినో పడవనో లోపలికి లాగేసే గుంటే కళ్ళముందుకొస్తుంది, 'సమస్యల సుడిగుండం' అనేది కూడా అందుకే కదా. మీరు రాసేవి అలాంటివి కావు. ఆఫ్రికా దక్షిణ కొసన అగుల్హాస్ ప్రవాహం నుంచి తెగిపోయి విడిగా వచ్చేసే సుళ్ళనే చూడండి, హిందూ మహాసముద్రపు వెచ్చటి ఉప్పునీటిని తమలోనే పట్టుకుని దక్షిణ అట్లాంటిక్‌లో ఏళ్ళ తరబడి పడమరకి పోతుంటాయి. వాటి మధ్యలో నీళ్ళు గుంటపడవు సరికదా చుట్టుపక్కల కంటే పదుల సెంటీమీటర్లు ఎత్తుగా ఉంటాయి, 1992లో పంపిన టోపెక్స్ పొసైడన్ లాంటి ఉపగ్రహాలు వీటిని పట్టుకునేది ఆ ఎత్తు కొలిచే. ఉబ్బుగా ఉన్నదాన్ని గుండం అని ఎలా అంటాం? వీటికి ఎదురు దిక్కున తిరిగే రెండోరకం సుళ్ళలో మధ్య కాస్త పల్లమే, ఒప్పుకుంటాను, కానీ వంద కిలోమీటర్ల వెడల్పులో అంత చిన్న పల్లం ఓడలో ఉన్నవాళ్ళకి తెలియను కూడా తెలియదు. అందుకని ఉత్త 'సుడి' చాలు. గుడి గుళ్ళు అయినట్టే సుడి సుళ్ళు, సుడులు అన్నా తప్పులేదు.

ఆవర్తనం కూడా తప్పేం కాదు, కాకపోతే వాతావరణ వార్తల్లో 'ఉపరితల ఆవర్తనం' బాగా నాటుకుపోయింది కాబట్టి చదివేవాళ్ళు వానల గురించి అనుకుంటారు.

అసలు చిక్కంతా 'స్థిరమైన' దగ్గరుంది. స్థిరం అంటే ఉన్నచోటే ఉండటం అనే మనకి ముందు తడుతుంది, మీరేమో పక్కనే 'కదులుతాయి' అన్నారు. మోడల్‌లో ఇవి రెండు వేరే ప్రశ్నలు. 1948లో వాతావరణ శాస్త్రవేత్త చార్నీ ఇచ్చిన క్వాసీ జియోస్ట్రోఫిక్ సమీకరణాల్లాంటివి (భూభ్రమణ ప్రభావం, పీడనంలో తేడా దాదాపు సరితూగే ప్రవాహాలకి రాసేవి) తీసుకుని, సుడికి చిన్న అలజడి కలిగిస్తే అది తట్టుకుని నిలుస్తుందా ముక్కలైపోతుందా అని చూడటం ఒకటి, సుడి మొత్తంగా ఎటు జరుగుతుంది అనేది ఇంకోటి. భూభ్రమణ ప్రభావం అక్షాంశాన్ని బట్టి మారుతుంది, దానివల్ల సుడి ఆకారం పోకుండానే రోజుకి కొన్ని కిలోమీటర్లు పడమరకి జరుగుతుంది. 'చెదరని సుళ్ళు పడమరకి జరుగుతాయి' అని రాయండి, గొడవే ఉండదు. 'దీర్ఘకాలిక' కూడా నాకు నచ్చదు, అది రోగాలకీ అప్పులకీ అలవాటైపోయిన మాట, మీరు ప్రశ్నలో రాసిన 'చాలాకాలం నిలిచే' ఎంత హాయిగా ఉందో చూడండి.

మోడల్‌ని మోడల్ అనే ఉంచేయండి. నమూనా అంటే, సముద్రం మీద వ్యాసంలో ఎలాగూ 'నీటి నమూనాలు సేకరించారు' అని ఎక్కడో వస్తుంది, అప్పుడు 'నమూనాతో పోల్చి చూశారు' అంటే సీసాలో నీళ్ళతోనా సమీకరణంతోనా అన్నది ఎవరికీ అర్థం కాదు.